పిల్లల రంగస్థలం: తెలుగునాట విద్యా డెస్క్‌టాప్‌ల చరిత్ర – బారువ తీరం నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగునాట బడుల్లోకి కంప్యూటర్ ప్రవేశించిన చరిత్రను ఇంతవరకు ప్రధానంగా పంపిణీ చరిత్రగానే చెప్పుకున్నాం. ఏ సంవత్సరం ఎన్ని యంత్రాలు వచ్చాయి, ఏ పథకం కింద వచ్చాయి అనేవే అందులో ముఖ్యాంశాలు. ఈ వ్యాసం యంత్రాన్ని పక్కనబెట్టి, ఆ యంత్రం తెరమీద పిల్లవాడికి ఎదురయ్యే పరిసరాన్ని, అంటే విద్యా డెస్క్‌టాప్‌ను, చరిత్రవస్తువుగా స్వీకరిస్తుంది. లోగో భాష నుంచి షుగర్ డెస్క్‌టాప్ వరకు సాగిన ఆలోచనను, క్లాస్ పథకం నుంచి 2022 నాటి ట్యాబ్‌ల వరకు సాగిన ప్రభుత్వ కృషిని, స్వేచ్ఛ, బాల స్వేచ్ఛ వంటి తెలుగు ప్రయత్నాలను పక్కపక్కన ఉంచి పరిశీలిస్తుంది. తెరమీద ఏముండాలో నిర్ణయించే హక్కు ఎవరిది, తెర ఏ భాషలో మాట్లాడుతుంది, చెడిపోతే బాగుచేసేదెవరు అనే మూడు ప్రశ్నలు ఈ పరిశీలనకు ఆధారం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలోని బారువ పరిసరాలు ఈ ప్రశ్నలకు పరీక్షాస్థలం.

కీలకపదాలు: విద్యా డెస్క్‌టాప్, సంస్థాపన, షుగర్, బాల స్వేచ్ఛ, స్థానికీకరణ, ఉద్దానం, గిడుగు రామమూర్తి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్.

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్‌ను ఆన్ చేయగానే కనిపించే తెరను సాధారణంగా మనం గమనించం. పుస్తకం చదివేవారు అట్టను దాటి పాఠంలోకి వెళ్లినట్లే, కంప్యూటర్ వాడేవారు డెస్క్‌టాప్‌ను దాటి పనిలోకి వెళ్తారు. మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లవాడి సంగతి వేరు. ఆ తెరే అతనికి మొదటి పాఠం. ఏది తాకవచ్చో, ఏది తాకకూడదో, తన పని ఎక్కడ నిలిచి ఉంటుందో, పక్కవారితో కలిసి చేయవచ్చో లేదో, ఇవన్నీ ఉపాధ్యాయుడు చెప్పకముందే తెర చెబుతుంది. కాబట్టి ఆ తెర రూపకల్పనలో ఒక విద్యాసిద్ధాంతం దాగి ఉంటుంది. పాఠ్యపుస్తకాల చరిత్రను శ్రద్ధగా రాసుకున్న మనం ఈ తెరల చరిత్రను కూడా అంతే శ్రద్ధతో రాసుకోవాలి.

డెస్క్‌టాప్‌ను యంత్రంలో నెలకొల్పే పనికి తెలుగు స్థానికీకరణకర్తలు వాడిన మాట 'సంస్థాపన'. ఈ మాటను ఈ వ్యాసం రెండర్థాల్లో వాడుతుంది. మొదటిది సాంకేతికమైనది: ఒక సాఫ్ట్‌వేర్‌ను యంత్రంలోకి ఎక్కించడం. రెండవది సామాజికమైనది: ఒక పరికరాన్ని బడి తన వ్యవహారాల్లో భాగం చేసుకోవడం. మొదటిదానికి ఒక గంట చాలు. రెండవదానికి కొన్నేళ్లు పడుతుంది. రెండింటినీ ఒకటిగా భావించినప్పుడల్లా పథకాలు విఫలమయ్యాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2. బారువ: ఒక పరీక్షాస్థలం

మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట, సోంపేట మండలంలో, బారువ ఉంది. బ్రిటిష్ పాలనలో ఇది ఓడరేవు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. తరువాత విశాఖపట్నం జిల్లాలోకి, 1950లో కొత్తగా ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. టెక్కలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వరకు సాగే ఈ తీరప్రాంతంలోని కొబ్బరి, జీడి తోటల సీమే ఉద్దానం.

విద్యా డెస్క్‌టాప్ చరిత్రకు ఈ ప్రాంతం మూడు కారణాల వల్ల ఉపకరిస్తుంది. మొదటిది భాష. సరిహద్దు మండలాల్లో తెలుగు మాధ్యమ పాఠశాలలతో పాటు ఒడియా మాధ్యమ పాఠశాలలు కూడా ఉన్నాయి. మహేంద్రగిరి వైపు వెళ్తే సవర భాష వినిపిస్తుంది. తెలుగులోనూ బడి పుస్తకంలోని భాష వేరు, ఇంటి భాష వేరు. రెండవది విద్యుత్తు, వాతావరణం. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను ఈ తీరాన్ని దెబ్బతీసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో తోటలతో పాటు విద్యుత్ స్తంభాలూ నేలకూలాయి. ఉప్పుగాలి లోహపు భాగాలను త్వరగా తినేస్తుంది. మూడవది వలస. ఇక్కడి మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వంటి రేవులకు, ఇతర కుటుంబాలు దూరపు నగరాలకు పనికి వెళ్లడం నేటికీ కొనసాగుతోంది. భాష ఒక్కటే అనీ, విద్యుత్తు ఎప్పుడూ ఉంటుందనీ, పిల్లవాడు ఏడాదంతా ఒకేచోట ఉంటాడనీ భావించి రూపొందించిన ఏ పరికరానికైనా ఈ తీరం కఠిన పరీక్ష పెడుతుంది.

3. బల్ల రూపకం – పిల్లల ప్రపంచం

'డెస్క్‌టాప్' అంటే బల్ల ఉపరితలం. 1970ల్లో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనాలయంలో పుట్టిన ఈ రూపకం 1981లో జిరాక్స్ స్టార్ కంప్యూటర్‌తో విపణిలోకి వచ్చింది. కాగితాలు, ఫోల్డర్లు, వాటిని సర్దుకునే అరలు, ఇవన్నీ కార్యాలయ ఉద్యోగి బల్లమీది వస్తువులు. ఆ యంత్రాన్ని కొనబోయేది కార్యాలయాలే కాబట్టి ఆ రూపకం వారికి సహజమైనది.

అదే పరిశోధనాలయంలో పనిచేసిన అలన్ కే 1972లోనే వేరే ఊహ చేశాడు. అన్ని వయసుల పిల్లలకూ ఒక వ్యక్తిగత కంప్యూటర్ ఉండాలని, అది పుస్తకమంత తేలికగా ఉండాలని, పిల్లలు దానిమీద చదవడమే కాక రాయాలని, కొత్తవి నిర్మించాలని ఆయన ప్రతిపాదించాడు. దానికి 'డైనాబుక్' అని పేరు పెట్టాడు. ఈ ఊహకు ప్రేరణ లోగో భాష. 1967లో వాలీ ఫ్యూర్జైగ్, సేమూర్ పాపర్ట్, సింథియా సోలొమన్ అమెరికాలో రూపొందించిన లోగోలో పిల్లవాడు తెరమీది తాబేలుకు ఆజ్ఞలిస్తూ జ్యామితి నేర్చుకుంటాడు. జెనీవాలో జీన్ పియాజేతో కలిసి పనిచేసిన పాపర్ట్, పిల్లలు జ్ఞానాన్ని అందుకోవడం కంటే నిర్మించుకోవడం ద్వారా బాగా నేర్చుకుంటారనే సిద్ధాంతాన్ని కంప్యూటర్‌కు అన్వయించాడు. 1980లో వచ్చిన 'మైండ్‌స్టార్మ్స్' గ్రంథంలో ఆయన వాదనను ఒక్కమాటలో చెప్పాలంటే, కంప్యూటర్ పిల్లవాడికి ఆజ్ఞలివ్వడం కాదు, పిల్లవాడే కంప్యూటర్‌కు ఆజ్ఞలివ్వాలి.

తెలుగులోకి వచ్చేటప్పుడు బల్ల రూపకం ఆసక్తికరమైన మార్పు పొందింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ స్థానికీకరణలో 'డెస్క్‌టాప్'కు 'రంగస్థలం' అనే మాట, 'ఫైల్'కు 'దస్త్రం' అనే మాట వాడుకలోకి వచ్చాయి. దస్త్రం కచేరీ కాలం నాటి మాట. రెవెన్యూ గుమాస్తా కట్టకట్టి దాచుకున్న కాగితాలను గుర్తుచేస్తుంది. రంగస్థలం అలా కాదు. అక్కడ పాత్రలుంటాయి, ప్రదర్శన ఉంటుంది. ఒకే తెరమీద కార్యాలయమూ నాటకశాలా ఇలా పక్కపక్కన నిలిచాయి. తెలుగు పిల్లవాడికి ఆ తెర దస్త్రాలు దాచే చోటు కావాలా, తాను పాత్రధారి అయ్యే రంగస్థలం కావాలా అన్న ప్రశ్న ఈ రెండు మాటల్లోనే ఇమిడి ఉంది.

4. ప్రభుత్వ పథకాలు: యంత్రం ముందు, పరిసరం తరువాత

భారతదేశంలో పాఠశాల కంప్యూటర్ విద్య 1984లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యా మంత్రిత్వశాఖ చేపట్టిన 'క్లాస్' పథకంతో ఆరంభమైంది. బ్రిటన్‌లో బడుల కోసం తయారైన బీబీసీ మైక్రో కంప్యూటర్లను తొలి విడతలో 250 పాఠశాలలకు ఎంపిక చేశారు. ఆ యంత్రానికి డెస్క్‌టాప్ అంటూ లేదు. ఆన్ చేయగానే బేసిక్ భాష ఆజ్ఞ కోసం ఎదురుచూసే ఖాళీ తెర వచ్చేది. తెర ఆంగ్లంలోనే ఉన్నా, ఏదైనా రాస్తే తప్ప అది కదలదు. అంటే వాడేవారిని కర్తగా భావించే లక్షణం ఆ పేద తెరకే ఉంది. చిత్రాలతో నిండిన తెరలు వచ్చాక ఆ లక్షణం బడుల నుంచి క్రమంగా తొలగిపోయింది; కంప్యూటర్ విద్య అంటే కార్యాలయ సాఫ్ట్‌వేర్‌ను వాడటం నేర్పడమనే అర్థం స్థిరపడింది.

2000 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో రెండు ధోరణులు కనిపిస్తాయి. మొదటిది ప్రాథమిక పాఠశాలల్లో కంప్యూటర్ సహాయంతో బోధన. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ప్రభుత్వంతో కలిసి తెలుగులో కథల రూపంలో, ఆటల రూపంలో పాఠాల సీడీలు తయారుచేసింది. తెలుగు మాధ్యమ పిల్లవాడికి తెర తన భాషలో పలకడం ఈ కృషి సాధించిన మేలు. అయితే సీడీ ముగిసిన వస్తువు. పిల్లవాడు దాన్ని ఆడగలడు, మార్చలేడు. ఈ ప్రయత్నపు పరిమితులను సంస్థ సారథుల్లో ఒకరైన అనురాగ్ బేహార్ 2010 డిసెంబరులో 'మింట్' పత్రికలో బహిరంగంగా చర్చించారు. ఉపాధ్యాయుడి స్థానాన్ని సాంకేతికత భర్తీ చేయలేదన్నది ఆయన నిర్ధారణ. స్వంత కృషిని ఇలా సమీక్షించుకోవడం ఈ రంగంలో అరుదు.

రెండవ ధోరణి ఉన్నత పాఠశాలల కంప్యూటర్ ప్రయోగశాలలు. 2004 డిసెంబరులో మొదలై 2010లో సవరణ పొందిన కేంద్ర ఐసీటీ పథకం కింద, నిర్మించి, స్వంతంగా నిర్వహించి, గడువు ముగిశాక అప్పగించే ఒప్పంద పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ఈ పద్ధతిలో యంత్రాలనూ సాఫ్ట్‌వేర్‌నూ బోధకుడినీ ఒక సంస్థే సమకూరుస్తుంది. మన మూడు ప్రశ్నలను ఇక్కడ వేసి చూస్తే చిత్రం స్పష్టమవుతుంది. తెరమీద ఏముండాలో ఒప్పందం నిర్ణయిస్తుంది. చెడితే బాగుచేసేది సంస్థ. గడువు ముగిసేనాటికి పాతబడిన యంత్రాలు బడికి దక్కుతాయి. వాటిని నడిపిన మనిషి మాత్రం వెళ్లిపోతాడు. సాంకేతిక సంస్థాపన జరిగింది, సామాజిక సంస్థాపన జరగలేదు. యంత్రం అప్పగింతకు వచ్చిన రోజే బడికి అది కొత్త వస్తువవుతుంది.

పొరుగున కేరళ మరో దారి పట్టింది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం ఆ దశాబ్దంలోనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారి, బడుల కోసం ప్రత్యేక గ్నూ లినక్స్ పంపిణీని తయారుచేసుకుంది. ఉపాధ్యాయుల్లోంచే శిక్షకులను ఎంచుకోవడం ఆ పథకానికి బలం. తెర మారినప్పుడు మార్చింది ఉపాధ్యాయులే కాబట్టి మార్పు నిలిచింది.

5. తెర భాష: గిడుగు లేవనెత్తిన ప్రశ్న

ఉద్దానానికి ఆనుకుని ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి బడి భాషను గురించి రెండు పోరాటాలు చేశారు. మొదటిది సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని. అందుకోసం ఆయన ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, బడులు నడిపి, తరువాత వ్యాకరణ నిఘంటువులు సమకూర్చారు. రెండవది తెలుగు పిల్లలకు వాడుక భాషలో పాఠాలుండాలని. రెండింటికీ మూలసూత్రం ఒకటే: తెలిసిన భాష ద్వారా తెలియని విషయానికి వెళ్లాలి, తెలియని భాషలో తెలియని విషయం చెబితే పిల్లవాడికి మిగిలేది కంఠస్థమే.

విద్యా డెస్క్‌టాప్‌కు ఈ సూత్రం యథాతథంగా వర్తిస్తుంది. తెరమీద ఆంగ్లపదాన్ని దాని స్థానాన్ని బట్టి గుర్తుపెట్టుకుని నొక్కే పిల్లవాడు కూడా కంఠస్థమే చేస్తున్నాడు. తెలుగు తెర రావడానికి చాలా పని జరగవలసి వచ్చింది. 1986లో భారతీయ భాషలకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక వచ్చింది. 1991లో యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగుకు చోటు దక్కింది. గుణింతాలు, ఒత్తులు తెరమీద సక్రమంగా కూడటానికి ఖతులు, అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్ కావాలి. పోతన, వేమన, లోహిత్ వంటి యూనికోడ్ ఖతులు వచ్చాకనే బడిపిల్లలకు చూపదగిన తెలుగు తెర సాధ్యమైంది.

2005లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో గ్నూ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందించే పని చేపట్టింది. ఇంజనీరింగ్ విద్యార్థులు, ఉద్యోగులు స్వచ్ఛందంగా చేసిన కృషి ఇది. అనువాదకులకు ఎదురైన సమస్య గిడుగు ఎదుర్కొన్నదే. 'అనువర్తనం', 'ఆకృతీకరణ', 'సంచయం' వంటి మాటలు సంస్కృత పదనిర్మాణంతో గంభీరంగా ఉన్నాయి. పిల్లవాడికి మాత్రం 'కన్ఫిగరేషన్' ఎంత కొత్తదో 'ఆకృతీకరణ' కూడా అంతే కొత్త. లిపి తెలుగైనంత మాత్రాన భాష పిల్లవాడిదైపోదు. ఈ విషయంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఒక సౌలభ్యం ఉంది. అనువాద దస్త్రం బహిరంగంగా ఉంటుంది కాబట్టి, 'ఆకృతీకరణ' తీసి 'అమరిక' అని పెట్టుకునే హక్కు ఒక ఊరి ఉపాధ్యాయుడికీ ఉంటుంది. ఇచ్ఛాపురం బడిలో అదే డెస్క్‌టాప్‌ను ఒడియాలోకి మార్చుకునే పనికి ఎవరి అనుమతీ అక్కరలేదు. వాడుక భాషా ఉద్యమం పుస్తకాల విషయంలో సాధించదలచిన స్వాతంత్ర్యం ఇక్కడ లైసెన్సులోనే రాసి ఉంది.

6. షుగర్: బల్ల లేని డెస్క్‌టాప్

తెలుగు వాడుకలో 'షుగర్' అనగానే మధుమేహం స్ఫురిస్తుంది. ఇక్కడ ఆ పేరు పిల్లల కోసం మొదటి నుంచి కొత్తగా ఆలోచించి నిర్మించిన ఒక డెస్క్‌టాప్‌కు చెందినది. 2005లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌కు చెందిన నికోలస్ నెగ్రోపాంటే 'ప్రతి బిడ్డకూ ఒక ల్యాప్‌టాప్' కార్యక్రమాన్ని ప్రకటించారు. ఆ ఏడాది నవంబరులో ట్యునిస్‌లో జరిగిన ప్రపంచ సదస్సులో దాని నమూనాను ప్రదర్శించారు. ఎండలోనూ కనిపించే ఏడున్నర అంగుళాల తెర, దుమ్మూ నీళ్లూ చొరబడని రబ్బరు కీబోర్డు, అతితక్కువ విద్యుత్ వినియోగం ఉన్న ఎక్స్‌ఓ యంత్రం 2007 చివరిలో ఉత్పత్తికి వచ్చింది. దానికోసం తయారైన డెస్క్‌టాప్ షుగర్. 2008లో వాల్టర్ బెండర్ షుగర్ ల్యాబ్స్ స్థాపించడంతో అది ఆ యంత్రం నుంచి విడివడి ఏ కంప్యూటర్‌పైనైనా నడిచే స్వతంత్ర సాఫ్ట్‌వేర్ అయింది.

షుగర్‌లో బల్ల లేదు, ఫోల్డర్లు లేవు. మధ్యలో పిల్లవాడి గుర్తు ఉంటుంది; దాని చుట్టూ వలయంగా కార్యకలాపాలుంటాయి. ఇల్లు, స్నేహితులు, ఇరుగుపొరుగు అనే మూడు దృశ్యాలు ఒకదానికంటే ఒకటి విశాలమవుతూ పోతాయి. నాలుగవది చేస్తున్న పనిని తెర నిండా చూపుతుంది. చేసిన ప్రతి పనీ 'జర్నల్' అనే దినచర్యలో తనంతట తాను నమోదవుతుంది. భద్రపరచడం మరచిపోయి పని పోగొట్టుకునే భయం చాలావరకు తగ్గుతుంది. తాబేలు దిమ్మెలతో ప్రోగ్రాములు కూర్చవచ్చు. పైథాన్ భాషలో రాయవచ్చు. రాత, చిత్రలేఖనం, కొలత, సంగీతం వంటి పనులు చేయవచ్చు. నడుస్తున్న కార్యకలాపపు మూలసంకేతాన్ని తెరిచి చూసే వీలు కూడా కల్పించారు. ఒకే గదిలోని యంత్రాలు ఇంటర్నెట్ లేకున్నా ఒకదానినొకటి గుర్తించి, ఇద్దరు పిల్లలు ఒకే బొమ్మను కలిసి గీయగలిగేలా చేశారు.

భారత ప్రభుత్వ విద్యాశాఖ 2006లో ఈ ల్యాప్‌టాప్ కార్యక్రమాన్ని తిరస్కరించింది. తరగతి గదులు, ఉపాధ్యాయులు లేనిచోట ఇంత ఖర్చు తగదన్నది, దీని బోధనా ప్రయోజనం సందేహాస్పదమన్నది ఆ నిర్ణయానికి కారణాలు. అయినా 2007లో మహారాష్ట్రలోని ఖైరాత్ అనే గ్రామంలోని ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒక ప్రయోగం జరిగింది. షుగర్ అనువాదాల్లో తెలుగు దస్త్రం కూడా చేరింది. అంటే ప్రభుత్వం వద్దన్న వస్తువు స్వచ్ఛంద కార్యకర్తల ద్వారా తెలుగులోకి అడుగుపెట్టింది.

7. బాల స్వేచ్ఛ

తెలుగు సమాజం పిల్లల డెస్క్‌టాప్‌ను తనదిగా చేసుకోవడానికి చేసిన ప్రయత్నం బాల స్వేచ్ఛ. స్వేచ్ఛ సంస్థ బడిపిల్లల కోసం, ముఖ్యంగా మురికివాడల పిల్లలను దృష్టిలో పెట్టుకుని, ఆటలను, శాస్త్ర పరికరాలను, సాధారణ ఉపకరణాలను ఒకచోట చేర్చి రూపొందించిన సాఫ్ట్‌వేర్ సంచయం ఇది. దీని వెనుక అప్పటికే సిద్ధమైన ప్రపంచవ్యాప్త సంపద ఉంది. ఫ్రాన్స్‌లో 2000లో మొదలైన జీకాంప్రీ, 2002లో వచ్చిన టక్స్ పెయింట్, నార్వేలో 2001లో పుట్టిన స్కోల్‌లినక్స్, 2005లో వచ్చిన ఎడ్యుబుంటు అన్నీ పిల్లల విద్యకోసం స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడినవే. దేశంలో సీడాక్ సంస్థ బాస్ లినక్స్‌కు ఎడ్యుబాస్ అనే విద్యారూపాన్ని ఇచ్చింది.

బాల స్వేచ్ఛ ప్రాముఖ్యం దాని సాంకేతికత కంటే దాన్ని చేరవేసిన తీరులో ఉంది. ఇంజనీరింగ్ కళాశాలల్లో సంఘాలుగా ఏర్పడిన విద్యార్థులే దీనికి శ్రమశక్తి. పథకంలో సంస్థాపకుడు ఒప్పందపు ఉద్యోగి. ఇక్కడ అతను పిల్లవాడికంటే కొన్నేళ్లు పెద్దవాడైన విద్యార్థి. 'అన్నయ్యా, ఇది ఎలా పెట్టావు?' అని అడగగలిగిన మనిషి. యంత్రాన్ని నెలకొల్పే పనిని పిల్లవాడి కళ్లెదుట చేయడం వల్ల అది రహస్యం కాకుండా పోతుంది. అయితే స్వచ్ఛంద కృషికి సహజమైన బలహీనత కూడా దీనికి ఉంది. విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు. కళాశాలలు దట్టంగా ఉన్న హైదరాబాదు, విజయవాడల చుట్టూ నిలిచే పని బారువ వంటి అంచు ప్రాంతంలో నిలవాలంటే దానికి బడిలోనే వేరు ఉండాలి.

8. సంస్థాపన, వినియోగం: తీరప్రాంతపు బడి దృష్టితో

షుగర్ వంటి డెస్క్‌టాప్‌ను బడి మూడు విధాలుగా తెచ్చుకోవచ్చు. మొదటిది 2009లో మొదలైన 'షుగర్ ఆన్ ఎ స్టిక్' పద్ధతి. డెస్క్‌టాప్ మొత్తం ఒక యూఎస్‌బీ పుల్లలో ఉంటుంది. యంత్రాన్ని ఆ పుల్ల నుంచి ఆరంభిస్తే, లోపలి డిస్కును ముట్టుకోకుండానే పిల్లల తెర వస్తుంది. ఒప్పందం కింద ఉన్న యంత్రాన్ని మార్చే హక్కు లేని బడికి ఇది ఊరట. పిల్లవాడి దినచర్యను నిలుపుకునేలా సిద్ధం చేస్తే అది కూడా పుల్లలోనే ఉంటుంది కాబట్టి, కుటుంబంతో పాటు మరో ఊరికి వెళ్లిన పిల్లవాడు తన పనిని వెంట తీసుకుపోవచ్చు. వలసలున్న ప్రాంతానికి ఈ చిన్న సాంకేతిక వివరం పెద్ద విద్యావిషయం.

రెండవది, డెబియన్, ఫెడోరా వంటి గ్నూ లినక్స్ పంపిణీలో షుగర్‌ను ప్యాకేజీగా ఎక్కించుకోవడం. ప్రవేశ తెరమీద సాధారణ డెస్క్‌టాప్, షుగర్ రెండూ కనిపిస్తాయి. ఉపాధ్యాయుడు మొదటిదాన్ని, పిల్లలు రెండవదాన్ని ఎంచుకుంటారు. మొదటిసారి తెరిచినప్పుడు షుగర్ పిల్లవాడి పేరు, నచ్చిన రంగులు అడుగుతుంది. అంతటితో అతని గుర్తు ఏర్పడుతుంది. ప్యాకేజీలను ఒకసారి దించి పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే, ఇంటర్నెట్ అందని బడిలోనూ మిగతా యంత్రాలకు వాడుకోవచ్చు. మూడవది, 2013లో లియొనెల్ లాస్కె ఆరంభించిన షుగరైజర్. ఇది బ్రౌజర్‌లోనూ ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలోనూ నడుస్తుంది.

వినియోగంలో నిలిచేవి చిన్న విషయాలే. యంత్రాల కంటే పిల్లలు ఎక్కువగా ఉన్నచోట ఇద్దరు ముగ్గురు ఒక యంత్రం ముందు కూర్చుంటే, కీబోర్డు ఎవరి చేతిలో ఉంటుందన్నది ముఖ్యమైన ప్రశ్న. వంతులు పెట్టకపోతే చొరవగల పిల్లవాడే గంటంతా నడుపుతాడు. ఆడపిల్లలు చూస్తూ ఉండిపోతారు. విద్యుత్తు పోయే వేళలున్న ఊళ్లో దినచర్య తానుగా నమోదు కావడం సౌకర్యమే కాదు, పిల్లవాడి నమ్మకాన్ని కాపాడే ఏర్పాటు. తుపాను తరువాత నెట్‌వర్కు లేని వారాల్లో ఇంటర్నెట్‌పై ఆధారపడిన పాఠం మూగబోతుంది; యంత్రంలోనే ఉన్న డెస్క్‌టాప్ చిన్న సౌరఫలకంతోనైనా నడుస్తుంది. ఊళ్లోని సంగతులే పాఠాలు కావడానికి కూడా ఇక్కడ చోటుంది. జీడికాయ నుంచి పప్పు తీసే క్రమాన్ని బొమ్మల్లో గీయడం, తాత చెప్పిన ఓడరేవు కబుర్లను రాసి దాచడం, అలల ఎత్తును రోజూ గుర్తించి పటం వేయడం, ఇవన్నీ రాత, చిత్రం, కొలత అనే కార్యకలాపాలతో సాధ్యమే.

9. ఫలితాల ప్రశ్న

ఈ చరిత్రను ఆశావాదంతో మాత్రమే రాయడం తగదు. పెరూ దేశంలో 319 గ్రామీణ పాఠశాలలపై ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు చేయించిన అధ్యయనం 2012లో వెలువడింది. ఎక్స్‌ఓ యంత్రాలు ఇచ్చిన బడుల్లో గణితం, భాష పరీక్షల ఫలితాలు మెరుగుపడలేదని, సాధారణ ఆలోచనా సామర్థ్యంలో మాత్రం కొంత మేలు కనిపించిందని అది తేల్చింది. యంత్రం చేతికిస్తే చాలు, పిల్లలు తమంత తామే నేర్చుకుంటారన్న విశ్వాసానికి ఇది గట్టి సమాధానం. ఉరుగ్వే 2007లో ఇదే యంత్రంతో ప్లాన్ సీబాల్ మొదలుపెట్టి, 2009 నాటికి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలందరికీ అందించి, మరమ్మతుకూ ఉపాధ్యాయ శిక్షణకూ శాశ్వత సంస్థను ఏర్పరచుకుంది. యంత్రమూ తెరా రెండు దేశాల్లోనూ ఒకటే. ఉరుగ్వేలో పథకం తరాలు దాటి నిలవడానికి కారణం ఆ సంస్థే. మన పరిభాషలో చెబితే అది సామాజిక సంస్థాపన.

తెలంగాణలో 2015-16 ప్రాంతంలో మొదలైన క్లిక్స్ కార్యక్రమం కూడా ఈ దిశలో గమనించదగినది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి నాలుగు రాష్ట్రాల్లో నిర్వహించిన ఈ కార్యక్రమం, తెలుగుతో సహా స్థానిక భాషల్లో గణిత, విజ్ఞాన పాఠాలను బడిలోని సర్వర్ నుంచి నడిచేలా రూపొందించింది. ఉపాధ్యాయుల వృత్తిశిక్షణ అందులో అంతర్భాగం. 2017 సంవత్సరానికి యునెస్కో కింగ్ హమద్ బహుమతి దీనికి లభించింది.

10. ట్యాబ్: మూసిన తెర

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ట్యాబ్‌ల పంపిణీని ప్రారంభించింది. ఎనిమిదో తరగతి విద్యార్థులకు 4,59,564, ఉపాధ్యాయులకు 59,176, మొత్తం 5,18,740 ట్యాబ్‌లను బైజూస్ పాఠాలతో అందించింది. ఇంత పెద్ద సంఖ్యలో వ్యక్తిగత తెరలు తెలుగు పిల్లల చేతికి రావడం చారిత్రకమే. ప్రయోగశాల గంటకోసం ఎదురుచూడకుండా ఇంటికి తీసుకుపోగల పరికరం ఇది; డైనాబుక్ ఊహకు బాహ్యరూపంలో దగ్గరైనది.

అంతర్రూపంలో మాత్రం ఇది దానికి వ్యతిరేక దిశలో ఉంది. దుర్వినియోగం కాకూడదన్న సదుద్దేశంతో పాఠాలకు మాత్రమే పరిమితమయ్యేలా ట్యాబ్‌కు నియంత్రణ పెట్టారు. పిల్లవాడు చూడగలడు, జవాబు గుర్తించగలడు, కొత్తది నెలకొల్పలేడు. ఉపాధ్యాయుడిదీ ఇంచుమించు ఇదే స్థితి. పాఠం సమకూర్చిన సంస్థపై 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైన సంగతి మన మూడవ ప్రశ్నను మరింత తీవ్రం చేస్తుంది: తెర వెనుకనున్న సంస్థ తడబడితే తెరను బాగుచేసే హక్కు, జ్ఞానం ఎవరికి ఉన్నాయి? జాతీయ పాఠశాల ఐసీటీ విధానం 2012లోనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వినియోగాన్ని ప్రోత్సహించింది. ఆ విధానాన్ని, మూసిన తెరల పంపిణీని పక్కపక్కన ఉంచి చదవడం విద్యాచరిత్రకారుల బాధ్యత.

11. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలు చేయవచ్చు. ఒకటి, తెలుగునాట పాఠశాల కంప్యూటర్ విద్యలో యంత్రాల సంఖ్య పెరుగుతూ పోయిన కొద్దీ, తెరను మార్చుకునే స్వాతంత్ర్యం తగ్గుతూ వచ్చింది. బీబీసీ మైక్రో ఖాళీ తెర నుంచి నియంత్రిత ట్యాబ్ వరకు ఇదే క్రమం. రెండు, ఈ క్రమానికి ఎదురు నడిచినవి షుగర్, స్వేచ్ఛ, బాల స్వేచ్ఛ వంటి ప్రయత్నాలు. అవి విస్తృతిలో చిన్నవైనా, భాష, మార్పు, మరమ్మతు అనే మూడు హక్కులనూ బడికి అప్పగించాయి. మూడు, ఆ హక్కులు కాగితంమీద ఉన్నంత మాత్రాన ఫలించవు. బడిలోని ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు ముగ్గురు పెద్ద తరగతుల పిల్లలు సంస్థాపన నేర్చుకున్నప్పుడే అవి నిజమవుతాయి. సవర పిల్లలకు వాచకం రాయడంతో తృప్తిపడక బడి కూడా నడిపిన గిడుగు అనుభవం చెప్పేది ఇదే.

ఈ రంగంలో పరిశోధన చేయదలచిన వారికి ఆధారాలు సమీపంలోనే ఉన్నాయి. పాఠశాలల స్టాక్ రిజిస్టర్లు, ప్రయోగశాలల ఒప్పంద పత్రాలు, మూలన పడిన యంత్రాల డిస్కులు, పాఠాల సీడీలు, అనువాదకుడి పేరునూ తేదీనీ శీర్షికలోనే నమోదు చేసుకునే స్థానికీకరణ దస్త్రాలు అన్నీ చారిత్రక పత్రాలే. తాళపత్రానికి చెదపురుగు ఎంత ముప్పో, ఈ పత్రాలకు ఉప్పుగాలి, పాత సామాను వేలం అంతే ముప్పు. సోంపేట, మందస, ఇచ్ఛాపురం మండలాల్లోని తెలుగు, ఒడియా మాధ్యమ పాఠశాలల నుంచి వీటిని సేకరించే పనిని విశ్వవిద్యాలయాల చరిత్ర, విద్యాశాస్త్ర విభాగాలు కలిసి చేపట్టదగును. తొలిసారి కంప్యూటర్ తెరను చూసిన తరం ఇంకా మన మధ్యనే ఉంది కనుక, వారి మౌఖిక సాక్ష్యాలను నమోదు చేయడానికి ఇదే సమయం.